హార్డ్, హార్డ్‌లీ: ఏది ఎక్కడ వాడాలి?

ఇంగ్లీషులో విశేషణానికి ‘లీ’ చేరిస్తే క్రియా విశేషణం అవుతుందని బడిలో నేర్చుకుంటాం. స్లో నుంచి స్లోలీ, క్విక్ నుంచి క్విక్‌లీ. ‘హార్డ్’ దగ్గర మాత్రం ఈ సూత్రాన్ని నమ్ముకోకండి. క్రియా విశేషణంగానూ దాని రూపం హార్డే.

‘షీ వర్క్స్ హార్డ్’ అంటే ఆమె బాగా కష్టపడుతుంది. ‘షీ హార్డ్‌లీ వర్క్స్’ అంటే ఆమె దాదాపు పనే చేయదు. ఇంటర్వ్యూ టెన్షన్‌లో మన గురించి రెండోది అనేస్తే ఎంత నష్టమో చూడండి!

హార్డ్ క్రియ తర్వాత వస్తుంది. హార్డ్‌లీ మామూలుగా ప్రధాన క్రియకు ముందు, సహాయక క్రియ ఉంటే దాని వెనకాల కూర్చుంటుంది: ‘ఐ కెన్ హార్డ్‌లీ హియర్ యూ’. మీ మాట నాకు సరిగా వినపడట్లేదని అర్థం.

మనం ఎక్కువగా తడబడేది ఇక్కడే. తెలుగులో ‘అతను పెద్దగా మాట్లాడడు’ అంటాం. క్రియ కూడా వ్యతిరేకంలోనే ఉంటుంది. ఆ అలవాటుతో ‘హి డజంట్ హార్డ్‌లీ టాక్’ అనేస్తాం. ‘కాదు’ అనే అర్థం హార్డ్‌లీలోనే ఉంది కాబట్టి ప్రామాణిక ఇంగ్లీషులో ‘హి హార్డ్‌లీ టాక్స్’ చాలు.

లేట్, లేట్‌లీ కూడా ఇంతే: మొదటిది ఆలస్యంగా, రెండోది ఈమధ్య.