గుజ్జు అరిగిన మోకాళ్లకు ఏది మేలు: గ్లూకోసమైనా, పసుపు మాత్రలా, సల్లకీనా?

మా ఫ్రిజ్ మీద గ్లూకోసమైన్ డబ్బా ఎప్పుడూ ఒకటి ఉంటుంది. అమెరికా నుంచి ఎవరొచ్చినా చాక్లెట్లతో పాటు అదీ తెచ్చి అమ్మ చేతిలో పెడతారు. "గుజ్జు మళ్లీ పెరుగుతుందటరా" అంటూ అమ్మ రెండేళ్లు మింగింది. మెట్ల దగ్గర మోకాలు మాత్రం ఇప్పటికీ మొరాయిస్తూనే ఉంది. అందుకే మిగతావాటితో పోల్చి చూద్దామని కూర్చున్నాను.

ఇదంతా వయసుతో వచ్చే అరుగుదల గురించే. వేళ్ల కణుపులు వాచి, పొద్దున లేచాక గంటసేపైనా బిగుసుకుపోతుంటే అది కీళ్లవాతం కావచ్చు, దాని దారి వేరు. చేపనూనెకు కాస్త ఆధారం ఉన్నది అక్కడే. అదీ అందులోని ఒమేగా-3 కొవ్వు రోజుకు 3 గ్రాముల దాకా పడితేనే. మామూలు క్యాప్సూల్‌లో ఉండేది 300 మిల్లీగ్రాములు, అంటే పది మింగాలి! డాక్టర్ ఇచ్చిన మందు మానేసి ఇది వేసుకోవడమైతే అసలు కూడదు.

గ్లూకోసమైన్‌ను ఎక్కువగా రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీస్తారు. అమెరికాలో 1,583 మంది మోకాళ్ల నొప్పుల వాళ్లకు 24 వారాలు ఇచ్చి చూసిన ఫలితాలు 2006లో వచ్చాయి. గ్లూకోసమైన్, దానితో జతగా అమ్మే కాండ్రాయిటిన్ రెండూ కలిపి వేసుకున్నవాళ్లలో నూటికి 67 మందికి ఉపశమనం కలిగింది. మందేమీ లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 60 మందికి! ఆ కాస్త తేడా యాదృచ్ఛికమే కావచ్చని తేల్చారు. కాబట్టి "నాకు తగ్గింది" అనే పక్కింటి పిన్నిగారు అబద్ధం చెప్పడం లేదు, తగ్గించింది ఆ మాత్రేనా అన్నదే అనుమానం. నొప్పి బాగా ఎక్కువున్న కొద్దిమందికి రెండూ కలిపితే పనిచేసినట్టు కనిపించింది గానీ, 2019లో అమెరికా కీళ్ల వైద్యుల సంఘం మోకాళ్లకు గ్లూకోసమైన్ వద్దనే చెప్పింది. రొయ్యలు పడనివాళ్లు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఇక పసుపు. మన పోపుడబ్బాలోని పసుపులో పనిచేసే పదార్థం, కర్క్యుమిన్, నూటికి మూడు పాళ్లే, అందులోనూ ఒంటికి పట్టేది అత్యల్పం. మిరియాల్లోని పైపరిన్ తోడైతే అది ఇరవై రెట్లు ఎక్కువగా ఒంటబడుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. అమ్మమ్మ పసుపు, మిరియాల పాలు గొంతుకు హాయే గానీ, ఆ మోతాదు మోకాలికి చాలదు. సారం తీసిన మాత్రల సంగతి వేరు. థాయ్‌లాండ్‌లో 367 మందికి నాలుగు వారాలు ఇస్తే ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్రకు దీటుగా నొప్పి తగ్గించాయి, కడుపునొప్పి కూడా తక్కువే. అయితే ఒంటికి బాగా పట్టేలా చేసిన పసుపు మాత్రలతో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు వచ్చాయి. "పసుపే కదా" అని ధీమాగా ఉండలేం.

సల్లకి అంటే సాంబ్రాణి జాతి చెట్టు బంక. దీని మీద ఒక పరీక్ష మన ఏలూరులోనే జరిగింది, 2008లో అచ్చయింది. 75 మంది, 90 రోజులు. రోజుకు 250 మిల్లీగ్రాముల సారం వేసుకున్నవాళ్లకు వారంలోనే తేడా తెలిసింది. పరీక్ష చిన్నది, పైగా తయారీ కంపెనీ వాళ్లకూ అందులో చేయి ఉంది, కాబట్టి ఫలితాన్ని కొంచెం తగ్గించుకునే చూడాలి. అయినా నా ఓటు దీనికే. ఉత్తి మాత్రకూ దీనికీ తేడా కనిపించింది, కాలేయం భయమూ పసుపు మాత్రలంత లేదు.

అమ్మ బీపీ మందులు చూసే డాక్టర్‌ను అడిగి, గ్లూకోసమైన్ ఆపించి, సల్లకి ఒక్కటే మొదలుపెట్టాం. రెండూ కలిపితే ఏది పనిచేసిందో తెలియదు కదా. తొడ కండరాల వ్యాయామం ముందు నుంచీ ఉన్నదే, అది ఆపలేదు. ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కిందో అమ్మే రోజూ క్యాలెండర్ మీద రాస్తోంది. మూడు నెలల్లో ఆ అంకె కదలకపోతే ఇదీ బంద్.