డీజిల్ ఇంజన్ కింది బోగీ: ట్రైమౌంటా, హై అడ్హిషనా, ఈఎండీదా, ఏది మేలు?

డీజిల్ ఇంజన్ల గురించి మాట్లాడితే అందరం హార్స్‌పవర్ దగ్గరే ఆగిపోతాం. 2600, 3100, 4000 అని లెక్కలు వేసుకుంటాం గానీ, ఆ బలాన్ని పట్టాల మీదికి దించేది బోగీ. పేపర్లో బోగీ అంటే పెట్టె. షెడ్డులో బోగీ అంటే ఇరుసులు, చక్రాలు, వాటిని తిప్పే కరెంటు మోటార్లు, స్ప్రింగులు బిగించిన చట్రం, నేను చెప్పేది దాని గురించే.

1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 రకం ఇంజన్ కింద ఉన్నది ట్రైమౌంట్ బోగీ. ఒక్కో బోగీ మీద ఇంజన్ బరువు మూడు చోట్ల ఆనుతుంది: బోగీ తిరగడానికి మధ్యలో ఉండే పివట్ (కీలు) మీద 60 శాతం, రెండు పక్కలా చెరో 20. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగకుండా నిలుస్తుంది కదా, ఇదీ అంతే. పైగా ఈక్వలైజర్ బీములు ఒక చక్రం మీద పడ్డ భారాన్ని పక్క చక్రానికి పంచుతాయి. లైన్లు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో ఈ ఇంజన్ గూడ్సూ ప్యాసింజరూ రెండూ లాగిందంటే అందులో ఈ బోగీ వాటా చాలా ఉంది.

చిక్కల్లా లోడుతో బండి కదిలేటప్పుడే. పెట్టెల్ని ఇంజన్‌కి తగిలించే కప్లర్ పట్టాకి మీటరు పైన వెనక్కి గుంజుతుంటే చక్రం పట్టా దగ్గర ముందుకి తోస్తుంది, దాంతో ముందు ఇరుసు తేలికై వెనకది బరువెక్కుతుంది. ఆ తేలికైన ఇరుసే ముందు జారుతుంది. ట్రైమౌంట్‌లో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు, రెండు మోటార్లు ఒక వైపు, మూడోది ఎదురు వైపు తిరిగి ఉంటాయి, కాబట్టి ఈ తేడా ఇంకా ఎక్కువ. సన్నటి తుంపర పడుతున్నప్పుడు ఎత్తు ఎక్కాలంటే లోకో పైలట్‌కి ఎంత టెన్షనో, చక్రం జారకుండా పట్టాల మీద ఇసుక ఎంత పోయాలో ఊహించండి.

అందుకే 1990ల్లో ఇప్పుడు డబ్ల్యూడీజీ-3ఏ అంటున్న గూడ్సు ఇంజన్ కింద హై అడ్హిషన్ (అంటే పట్టు ఎక్కువ) బోగీ పెట్టారు. మూడు మోటార్లూ ఒకే వైపు. ఇరుసుల దగ్గర కాయిల్ స్ప్రింగులు, వాటి పైన రబ్బరు ప్యాడ్‌లు, అంటే సస్పెన్షన్ రెండు అంచెలు. ఇంజన్ బరువంతా ఆ రబ్బరు మీదే, పివట్ పని లాగడం, ఆపడం మాత్రమే. పైన ఉన్నది అదే ఆల్కో 16 సిలిండర్లు, అయినా మొదట్లో లాగే బలం 30 టన్నుల నుంచి దాదాపు 38కి పెరిగింది. గేర్ మారడం, ఇంజన్ బరువు పెరగడం కూడా కారణాలే అనుకోండి, కానీ చక్రానికి పట్టు లేకపోతే ఆ బలం జారిపోయేదే. గుత్తి, కాజీపేట షెడ్ల ఇంజన్లని చూస్తూ పెరిగినవాళ్లకి ఇది బాగా తెలిసిన ఇంజనే.

తర్వాత 1999లో అమెరికా కంపెనీ ఈఎండీ డిజైన్‌తో గూడ్సు ఇంజన్ డబ్ల్యూడీజీ-4 వచ్చింది. హెచ్‌టీఎస్‌సీ (హై టెన్సైల్ స్టీల్ కాస్ట్, అంటే గట్టి పోత ఉక్కు) బోగీ, త్రీఫేజ్ ఏసీ మోటార్లు, చక్రం జారుతోందో లేదో పట్టడానికి నేల వేగం కొలిచే రాడార్. బలం 54 టన్నుల దాకా.

అసలు పాఠం మాత్రం దాని ప్యాసింజర్ తమ్ముడు డబ్ల్యూడీపీ-4ది. 4000 హార్స్‌పవరే, బోగీకి మూడు ఇరుసులే, కానీ ఒక్కోదానిలో మోటార్లు రెండే, లోపలి ఇరుసు ఉత్తిదే. వేగంగా పోయే బండికి చాలనుకున్నారు. 24 పెట్టెల బండి కదిలించేటప్పుడు చాల్లేదు, చక్రాలు జారేవి. చివరికి 2010లో ఆరు మోటార్లతో డబ్ల్యూడీపీ-4బీ తెచ్చారు.

నన్నడిగితే బరువైన గూడ్సుకీ ఘాట్‌కీ ఆరు మోటార్ల హెచ్‌టీఎస్‌సీనే, రెండో మాట లేదు. కాకపోతే మొదటి డబ్ల్యూడీజీ-4లలో బోగీ మొత్తానికి మోటార్లకి ఏసీ కరెంటు ఇచ్చే ఇన్వర్టర్ ఒకటే, అది పోతే మూడు మోటార్లూ పోతాయి, ఆ మూడు చక్రాల సైజుల్లో తేడా రాకుండా చూసుకోవడం షెడ్డుకి అదనపు పని. ఆల్కో ఇంజన్లే చేతిలో ఉన్న షెడ్డుకి హై అడ్హిషన్ మేలు. యార్డులో షంటింగ్‌కైతే ట్రైమౌంట్ చాలు.