నిర్వక్ర అండమా, వక్ర అండమా?

ఇంటర్ బోటనీలో తరచూ తారుమారయ్యే జంట ఇది. అండం అంటే పువ్వు అండాశయంలో ఉండి, తర్వాత గింజగా మారే భాగం.

నిర్వక్రం: అండవృంతం (అండం కాడ), చలాజా (అండం అడుగుభాగం), అండద్వారం (కొసనుండే సన్నటి రంధ్రం) ఒకే నిలువు గీతలో. ఉదాహరణకు మిరియం, పాలిగోనం మొక్కలు. గీయడం తేలిక.

వక్రం: అండం 180 డిగ్రీలు తిరగబడి, ద్వారం వృంతం పక్కకే చేరుతుంది. సూర్యకాంతం, ఆముదం, పూల మొక్కల్లో ఎక్కువ వాటిది ఇదే. బొమ్మలో వృంతాన్ని అండానికి అతికించడం మరిస్తే మార్కులు పోయినట్టే. అనుమానముంటే ఆముదం గింజ తీసి చూడండి: కొసన తెల్లటి బుడిపె ఉన్నచోటే ద్వారం, చదును వైపు నిలువునా కనిపించే సన్నగీత వృంతం అతుక్కున్న గుర్తు.

మొక్క సంగతికొస్తే, పరాగనాళం (పుప్పొడి రేణువు నుంచి అండద్వారం దాకా పెరిగే గొట్టం) అండాశయం లోగోడ వెంట పాకి వచ్చేచోట వక్రానిదే లాభం, ద్వారం దగ్గర్లోనే దొరుకుతుంది. మిరియంలోలా అడుగున ఒకే అండం నిలబడితే మాత్రం నిర్వక్రమే నయం: ద్వారం నేరుగా పైకి, నాళం దిగివచ్చే దిక్కుకే ఉంటుంది.