ఎత్తబడటమా, ఎప్పుడో అయిపోయిందా, ఇంకా ఉందా? దర్శన గ్రంథాన్ని ఎట్లా చదివితే మేలు

కడప చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాల్లో క్రీస్తు రెండో రాక గురించి, అంటే రాకడ గురించి, ఒకే ఇంట్లో మూడు రకాల నమ్మకాలు నడుస్తుంటాయి. అవ్వ ఆదివారం పొద్దున్నే మరియాపురం గుడికి పూజకు పోతుంది, పెద్దకోడలు సీఎస్ఐ ఇంటి నుంచి వచ్చిన పిల్ల, చిన్నకొడుకు పెళ్లయ్యాక పెంతెకొస్తు సంఘంలో చేరిపోయుంటాడు. మామూలు రోజుల్లో ఏ గొడవా ఉండదు. ఎక్కడో యుద్ధం మొదలై టీవీలో ఇజ్రాయెల్ పేరు నాలుగు రోజులు వరసగా వినిపించిందంటే మాత్రం భోజనాల దగ్గర అంత్యకాలం మీద చర్చ లేస్తుంది. మా వదిన అయితే సూటిగా అడిగేస్తుంది: "ఏం మరిదీ, మీ ఫాదరు ఏడేండ్ల శ్రమల గురించి ఎప్పుడన్నా చెప్పినాడా? మా పాస్టరుగారు గోడకు పటం తగిలించి, గీతలు గీసి మరీ చూపిస్తాడు."

న్యాయమైన ప్రశ్నే. బైబిలు చివరి పుస్తకాన్ని మేము కతోలికులం దర్శన గ్రంథం అంటే వాళ్లు ప్రకటన గ్రంథం అంటారు, పుస్తకం ఒకటే, చదివే తీరే వేరు. మన దగ్గర వినిపించేవి ముఖ్యంగా మూడు తీర్లు. నేను కతోలిక తీరు వైపే మొగ్గుతాను, ముందే చెప్పేస్తున్నా, కానీ అందులో ఉన్న లోటు కూడా దాచను.

మొదట పటం సంగతి. సంఘం, అంటే నమ్మినవాళ్లంతా, ఉన్నట్టుండి రహస్యంగా ఆకాశానికి ఎత్తబడుతుంది, తర్వాత ఏడేండ్ల మహాశ్రమలు, క్రీస్తుకు ఎదురునిలిచే అంత్యక్రీస్తు పాలన, చివర క్రీస్తు దిగివచ్చి యెరూషలేము నుంచి వెయ్యేండ్లు రాజ్యం చేస్తాడు, ఆ తర్వాత తీర్పు. వినడానికి చాలా స్పష్టంగా ఉంటుంది, అందుకే జనానికి పడుతుంది. ఈ వరసను ఇట్లా కుదిర్చింది 1830ల ప్రాంతంలో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు, వచనాల కిందే ఈ వివరణను నోట్సుగా అచ్చేసి, ప్రపంచమంతా పాకించింది. దానియేలు 9వ అధ్యాయంలోని డెబ్బై వారాల్లో (ఒక్కో వారం ఏడేండ్ల లెక్క) అరవై తొమ్మిది అయిపోయాయనీ, చివరి వారం ఒక్కటీ విడిపోయి రెండు వేల ఏండ్ల తర్వాత మొదలవుతుందనీ లెక్క వేస్తేనే ఆ ఏడేండ్లు వస్తాయి. మధ్యలో అంత సందు ఉందని దానియేలు ఎక్కడా చెప్పలేదు. పటం మొత్తం నిలబడింది ఆ సందు మీదే.

ఎత్తబడటానికి చూపించే ముఖ్య వచనం తెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి లేఖ, 4వ అధ్యాయం. అది మా దగ్గర కూడా చదువుతారు, చావు పూజల్లో. చనిపోయినవాళ్లు క్రీస్తు రాకను చూడలేకపోయారే అని ఏడుస్తున్న సంఘానికి పౌలు రాసిన ఓదార్పు అది: ముందు వాళ్లే లేస్తారు, తర్వాత మనమందరం కలిసి ప్రభువును ఎదుర్కొంటాం అని. అక్కడ బూర మోగుతుంది, ప్రధానదూత కేక వినిపిస్తుంది, అంత సందడిలో రహస్యంగా జరిగేది ఏముంది? ఇక పొలంలో ఇద్దరుంటే ఒకడు తీసుకుపోబడతాడు, ఒకడు విడువబడతాడు అనే మత్తయి 24వ అధ్యాయం మాటకొస్తే, దానికి పైనే నోవా కాలం గురించి ఉంది, జలప్రళయం వచ్చి అందరినీ కొట్టుకుపోయిందని. ఆ లెక్కన తీసుకుపోబడినవాడు మునిగినవాడు, మిగిలినవాడే బతికినవాడు. సభల్లో ఆ ముందు వచనాలు చదవరు.

వచనాల్ని లెక్కలుగా చదవడం మొదలైనాక తేదీ వెతకడం కూడా మొదలవుతుంది. అమెరికాలో విలియం మిల్లర్ లెక్కల్ని నమ్మినవాళ్లు 1844 అక్టోబరు 22న ఎదురుచూశారు. హెరాల్డ్ క్యాంపింగ్ రేడియోలో 2011 మే 21 అన్నాడు, అది దాటాక అక్టోబరు 21 అన్నాడు. వీళ్లిద్దరిదీ డార్బీ పటం కాదు, డార్బీ శిష్యులందరూ తేదీలు చెప్పరు, ఆ మాట ఒప్పుకోవాలి, చాలామంది పాస్టర్లు తేదీలు చెప్పొద్దనే అంటారు. అయినా మా వీధిలోనే ఆధార్ కార్డు వచ్చినప్పుడు ఒక గుబులు, కరోనా టీకా వచ్చినప్పుడు ఇంకో గుబులు, దర్శన గ్రంథం 13వ అధ్యాయంలో మృగం వేయించే 666 ముద్ర ఇదేనేమో అని. టీకా వేయించుకోకుండా రెండు నెలలు టెన్షన్ పడినవాళ్లు నాకు తెలుసు.

ఇంకో కొసకు పోతే, ఇదంతా ఎప్పుడో అయిపోయింది, మనకు దీంతో పనిలేదు అనే తీరు. చదువుకున్న కుర్రాళ్లు, యూట్యూబులో పండితుల వీడియోలు చూసేవాళ్లు ఇటు మొగ్గుతారు. వాళ్ల వాదనలో బలం ఉంది. 666నే తీసుకోండి. హీబ్రూలో అంకెలకు వేరే గుర్తులు లేవు, అక్షరాలకే విలువలు. నీరో చక్రవర్తి పేరును ఆ అక్షరాల్లో రాస్తే నెరోన్‌కు 50, 200, 6, 50, మొత్తం 306. కైసరుకు 100, 60, 200, మొత్తం 360. కలిపితే 666. నెరోన్ చివరి అక్షరం తీసేసి, లాటిన్‌లో పలికినట్టు నెరో అని రాస్తే యాభై తగ్గి 616 అవుతుంది. పాత రాతప్రతులు కొన్నింటిలో సరిగ్గా 616 అనే ఉంది. ఇది చూసినప్పుడు ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. 17వ అధ్యాయంలోని ఏడు కొండలు ఏవో ఆనాటి పాఠకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, రోమా. యెరూషలేమును సైన్యాలు చుట్టుముట్టినప్పుడు కొండలకు పారిపొమ్మని లూకా 21లో యేసు అన్నమాట క్రీ.శ. 70లో టైటస్ సైన్యం దేవాలయాన్ని కూల్చినప్పుడు నిజమైంది. యెరూషలేములోని క్రైస్తవులు యుద్ధానికి ముందే యోర్దాను అవతల ఉన్న పెల్లాకు వెళ్లిపోయారని యూసేబియుసు రాశాడు.

అంతా బాగుంది కానీ మొత్తం అయిపోయిందంటే కుదరదు. చనిపోయినవాళ్లు లేచారా? కన్నీళ్లు తుడిచిపెట్టుకుపోయాయా? ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో క్రీస్తు మహిమతో మరల వస్తాడని చెప్పుకుంటున్నాం కదా, ఆ వాక్యం అక్కడ ఎందుకు మరి? ఈ తీరులో చదివితే దర్శన గ్రంథం చరిత్ర పరీక్షకు పనికొచ్చే పుస్తకంగా మిగిలిపోతుంది.

కతోలిక తీరు ఈ రెంటి మధ్య రాజీ అనుకుంటారు చాలామంది, అది సరికాదు. ఒకే ప్రవచనం ఒకటికంటే ఎక్కువసార్లు నెరవేరవచ్చు అనేది దీని మూలం. దానియేలు చెప్పిన నాశకరమైన హేయవస్తువు క్రీ.పూ. 167లో అంటియోకుసు రాజు దేవాలయాన్ని అపవిత్రం చేసినప్పుడు నెరవేరింది. అయినా రెండు వందల ఏండ్ల తర్వాత యేసు అదే మాటను మళ్లీ రాబోయేదిగా చెప్పాడు, అది రోమా సైన్యంతో నెరవేరింది. చివర్లో ఇంకోసారి, అన్నిటికంటే పెద్దగా ఉంటుందని శ్రీసభ, అంటే మా కతోలిక సంఘం, అంటుంది. కాబట్టి నీరో నిజంగానే మృగం, అంతమాత్రాన మృగం పని నీరోతో తీరిపోలేదు. నా మటుకు నాకు పుస్తకంలోని ఏ వచనాన్నీ పక్కకు నెట్టకుండా చదవనిచ్చేది ఇదొక్కటే.

వెయ్యేండ్ల సంగతి చూద్దాం. తొలి శతాబ్దాల్లో పునీత జస్టిన్, పునీత ఇరనేయుసు లాంటి పెద్దలే క్రీస్తు భూమ్మీద వెయ్యేండ్లు ఏలుతాడని నమ్మారు, దాన్ని దాచాల్సిన పనిలేదు. పునీత అగస్టీను కూడా మొదట్లో అటే ఉండి తర్వాత మార్చుకున్నాడు: ఆ వెయ్యేండ్లంటే క్రీస్తు మొదటి రాకకూ రెండో రాకకూ మధ్య నడుస్తున్న శ్రీసభ కాలమేనని 'దేవుని నగరం' 20వ భాగంలో రాశాడు. శ్రీసభ ఆ దారినే పట్టింది. 1944లో రోమ్ నుంచి వచ్చిన జవాబు ఇంకా గట్టిది, క్రీస్తు కంటికి కనిపించేలా భూమ్మీద రాజ్యం చేస్తాడనే మెత్తని రూపాన్ని కూడా బోధించడం క్షేమం కాదని. 1992 నాటి కతోలిక సత్యోపదేశం అనే శ్రీసభ అధికారిక బోధ పుస్తకంలో 675 నుంచి 677 వరకు మూడు పేరాలు చదివితే మొత్తం విషయం అందుతుంది. శ్రీసభ చివరి పరీక్ష గుండా పోవాలి, ముందే తప్పించుకుని పైకి పోవడం ఉండదు. అంత్యక్రీస్తు మోసం ఎట్లుంటుందంటే, మనుషుల కష్టాలకు పరిష్కారం చూపిస్తున్నట్టే కనిపించి, బదులుగా సత్యాన్ని వదిలేయమంటుంది. ఆధార్, టీకా చూసి భయపడేవాళ్లు ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. మూడో మాట కతోలికులకే చురక: శ్రీసభ మెల్లమెల్లగా లోకాన్నంతా గెలిచేస్తే రాజ్యం వచ్చేది కాదు, దేవుడే వచ్చి గెలవాలి.

నుదుటి మీద ముద్ర గురించి కూడా ఇక్కడే. 13వ అధ్యాయంలో మృగం ముద్ర చదివి బెదిరేవాళ్లు పేజీ తిప్పి 14వ అధ్యాయం మొదటి వచనం చూడరు, అక్కడ గొర్రెపిల్ల పేరు, తండ్రి పేరు నొసళ్ల మీద రాసి ఉన్న జనం నిలబడి ఉంటారు. భద్రమైన అభ్యంగనంలో (కన్ఫర్మేషన్) మేత్రాణులు, అంటే బిషపుగారు, నూనెతో నుదుట సిలువ గుర్తు వేసేదాన్ని నేను అట్లాగే అర్థం చేసుకుంటాను. ఇక 4, 5 అధ్యాయాలైతే పూజ చూసినట్టే ఉంటుంది: పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు అనే పాట, పెద్దలు, సాంబ్రాణి పాత్రలు, వధింపబడిన గొర్రెపిల్ల. యోహాను ఆ దర్శనం చూసింది కూడా ప్రభువు దినాన. పటాల్లో ఈ అధ్యాయాలకు చోటు తక్కువ, ఎందుకంటే వీటిలో లెక్కకు అందేదేమీ లేదు.

మా వాళ్లను చూసి 17వ అధ్యాయం వేశ్య మీ పోపుగారి సంఘమే అనేవాళ్లు ఇంకా ఉన్నారు. పెద్దగా బాధపడాల్సింది లేదు. ఆ వేశ్య పేరు బబులోను, పేతురు మొదటి లేఖలోని బబులోను కూడా రోమాయే అని మేమే అంటాం, కాకపోతే అది చక్రవర్తుల రోమా. పైగా వాటికన్ కొండ ఆ ఏడింటిలోది కాదు, టైబర్ నదికి అవతల ఉంది. ఇందులో ఒక తమాషా: పోపే అంత్యక్రీస్తు అని ప్రొటెస్టంట్ సంస్కర్తలు అంటున్న రోజుల్లో, దర్శన గ్రంథంలో ఎక్కువ భాగం చివరి మూడున్నరేండ్లకు సంబంధించిందని 16వ శతాబ్దంలో పుస్తకం రాసింది ఫ్రాన్సిస్కో రిబేరా అనే జెస్విట్ ఫాదరు. చాలామటుకు అయిపోయిందని 1614లో అచ్చైన పుస్తకంలో వాదించింది లూయిస్ దె అల్కాసర్ అనే ఇంకో జెస్విట్ ఫాదరు. ఇద్దరూ స్పెయిన్‌వాళ్లే, ఒకే సభవాళ్లు, ఇద్దరినీ శ్రీసభ తోసేయలేదు. కతోలిక తీరులో ఇంత చోటుందని చాలామందికి తెలియదు.

అయితే మా ఇల్లూ అంత శుభ్రంగా లేదు. మూడు రోజుల చీకటి వస్తుంది, మంత్రించిన తేనెమైనపు కొవ్వొత్తులే వెలుగుతాయి, తలుపు తీయొద్దు అని వాట్సాప్‌లో తిరిగే సందేశాలు పంపేది కతోలికులే. అది శ్రీసభ బోధ కాదు. 1917 ఫాతిమా దర్శనాల్లాగా శ్రీసభ ఒప్పుకున్నవాటిని కూడా నమ్మి తీరాలని ఎవరినీ బలవంతపెట్టరు, సత్యోపదేశం 67వ పేరా చూడండి. పునీత మలాకీ పేరు మీద 1595లో అచ్చైన, రాబోయే పోపులను ఒక్కో గుర్తుతో చెప్పే జాబితా ఇంకో పిచ్చి. అందులో అచ్చయ్యేదాకా ఉన్న పోపులకు గుర్తులు చక్కగా సరిపోతాయి, ఆ తర్వాతవాళ్లకు లాగి సాగదీయాలి; అదే చాలు అసలు సంగతి చెప్పడానికి. ఫ్రాన్సిస్ పోపుగారే చివరివారని హడావిడి చేశారు, 2025 మేలో 14వ లియో పోపుగారు వచ్చారు. బ్రహ్మంగారి మఠం ఉన్న జిల్లా మనది, ఏ వింత జరిగినా కాలజ్ఞానంలో ముందే ఉందని అనుకోవడం మనకు పుట్టుకతో అలవాటు, ఆ అలవాటునే బైబిలు మీదకు తెచ్చుకున్నామేమో అనిపిస్తుంది. ఎంత భక్తిగా తెచ్చుకున్నా అది కతోలిక తీరు మాత్రం కాదు: 1516లోనే ఐదో లాతరాన్ మహాసభ, అంత్యక్రీస్తు ఫలానా రోజు వస్తాడు, తీర్పు ఫలానా రోజు అని ప్రసంగించడాన్ని నిషేధించింది.

ఇక దాచనన్న లోటు. మా గుళ్లలో దీని గురించి చెప్పరు. క్రీస్తు రాజు పండుగ ముందు ఆదివారాల్లో మార్కు 13, లూకా 21 లాంటి సువిశేషాలు వస్తాయి, ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు వారాలు) మొదటి ఆదివారం కూడా రాకడ గురించే. ప్రసంగం మాత్రం చాలాసార్లు మంచిగా బతకండి అనే దగ్గరే ఆగిపోతుంది. వినేవాడికి ఆకలి తీరదు. సాయంత్రం మైదానంలో సువార్త సభ పెట్టి, గొర్రెపిల్ల ఎవరు, మృగం ఎవరు అని రెండు గంటలు చెప్పే బ్రదర్ దగ్గరకు పోతాడు, పోకేం చేస్తాడు? ఆ పటం తప్పైనా బోధకుడు పుస్తకం తెరిచాడు, మనవాళ్లు తెరవలేదు. ఈ ఒక్క విషయంలో వదిన వాళ్ల సంఘానిదే పైచేయి.

కాబట్టి ఏది మేలు అంటే, భయం పట్టుకున్నవాళ్లకు, పిల్లలున్నవాళ్లకు, ఇంట్లో చావు చూసినవాళ్లకు కతోలిక తీరే. లోకాంతం నా కాలంలో వచ్చినా రాకపోయినా నా చావు, నా తీర్పు మాత్రం వస్తాయి, అది ఎప్పుడో తెలియకుండానే సిద్ధంగా ఉండమంటుంది. నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తి పెట్టేవాళ్లకు ఈ మాట కొత్తకాదు. చరిత్ర ఇష్టమున్న కుర్రాళ్లు నీరో దగ్గర మొదలుపెట్టినా మంచిదే, అక్కడే కూర్చోకుండా ఉంటే చాలు. ఏడేండ్ల పటం మాత్రం నేను ఎవరికీ చెప్పను, అది నమ్మేవాళ్ల భక్తి మీద నాకు గౌరవం ఉన్నా సరే.

చదవాలనుకుంటే 13 నుంచి మొదలుపెట్టకండి. ముందు 4, 5 అధ్యాయాలు, ఆదివారం పూజ నుంచి వచ్చిన రోజే. తర్వాత 12, అది ఆగస్టు 15న మరియమాత మోక్షారోపణ పండుగ పూజలో వినేదే. ఆ తర్వాత 13, 17 కలిపి. 20 ఆఖర్న, అగస్టీను మాట గుర్తుపెట్టుకుని. సరిసంఖ్య సంవత్సరాల్లో అయితే ఆగమన కాలానికి ముందు రెండు వారాలూ రోజువారీ పూజలో మొదటి పఠనం ఈ గ్రంథం నుంచే వస్తుంది, పొద్దున పూజకు పోగలిగితే ఫాదరును ఆపి అడగడానికి అంతకంటే మంచి సమయం లేదు.