పెద్దవాళ్లతో డిస్నీ వరల్డ్‌కి వెళ్తుంటే ముందు స్కైలైనర్ సంగతి చూసుకోండి

పిల్లలు అమెరికాలో ఉన్న ఇల్లు ఒక్కటైనా లేని వీధి నెల్లూరులో ఇప్పుడు అరుదు. ఫ్లోరిడా ప్రయాణం అనగానే అందరూ అడిగేది ఒకటే: డిస్నీ వరల్డ్‌లో పెద్దవాళ్లు తిరగగలరా, ఎక్కడ దిగాలి? గది సంగతి తర్వాత, స్కైలైనర్ స్టేషన్ దగ్గర్లో ఉందో లేదో చూడమంటాను.

స్కైలైనర్ అంటే డిస్నీ వరల్డ్‌లోని రోప్‌వే. తీగ మీద నడిచే దీని క్యాబిన్లు 2019 సెప్టెంబరు 29న మొదలయ్యాయి. మొత్తం 300 దాకా ఉంటాయి, ఒక్కోదాంట్లో పదిమంది పడతారు. టికెట్ లేదు. కరీబియన్ బీచ్ హోటల్ దగ్గర లైన్లన్నీ కలుస్తాయి, మనకు గూడూరు జంక్షన్ లాగా. అక్కడ మారితే ఒకవైపు ఎప్‌కాట్ పార్కు, ఇంకోవైపు హాలీవుడ్ స్టూడియోస్ పార్కు.

పదిమందికి ఇంత హంగామానా అన్నారు మావారు. లెక్క వేసి చూపించాను. పది సెకన్లకో క్యాబిన్ వచ్చిందనుకుంటే గంటకు 360, అంటే 3,600 మంది. సగమే నిండినా 1,800. అంతమందిని చేరవేయాలంటే యాభై మంది పట్టే బస్సులు గంటకు 36 కావాలి. రొట్టెల పండక్కి దర్గా నుంచి తిరుగు బస్సు కోసం నిలబడ్డవాళ్లకి ఈ తేడా చెప్పక్కర్లేదు. ఇక్కడ క్యూ ఎంత పొడుగున్నా కదులుతూనే ఉంటుంది.

మా అత్తయ్య మాత్రం, స్టేషన్‌లో క్యాబిన్లు ఆగకుండా మెల్లగా కదులుతూనే ఉండటం చూసి, "కదిలే దాంట్లోకి నేనెక్కలేను అమ్మాయ్" అని భీష్మించారు. చక్రాల కుర్చీవాళ్లకు పక్కన వేరే దారి ఉంది. క్యాబిన్ అసలు లైన్ వదిలి అందులోకి వచ్చి పూర్తిగా ఆగింది. ఆవిడ కుర్చీ నేరుగా లోపలికి వెళ్లింది, తలుపులు మూసుకున్నాయి, మళ్లీ తీగ అందుకుంది. పైకి వెళ్లాక ఆవిడే, "ఉదయగిరి కొండకి ఇట్టాంటిది వేసుంటే నేనుగూడా కోట చూసుందును గదా" అన్నారు.

భయం అర్థం లేనిదని అనను. మనుషుల బరువుకు సరిపడా బరువులు పెట్టి, ఆపుతూ నడుపుతూ పరీక్షించాకే రోప్‌వేలోకి జనాన్ని ఎక్కిస్తారు. అయినా స్కైలైనర్ మొదలైన వారానికే, అక్టోబరు 5 రాత్రి, ఎప్‌కాట్ లైన్ ఆగిపోయి కొందరు మూడు గంటలకు పైగా గాల్లోనే ఉండిపోయారు. మళ్లీ 14న తెరిచారు. అందుకే ఎక్కే ముందు బాత్రూమ్‌కి వెళ్లిరండి, నీళ్లు, మాత్రలు చేతిసంచిలో పెట్టుకోండి. ఏసీ లేదు, కదులుతున్నంతసేపూ గాలి బాగానే ఆడుతుంది.

స్టేషన్ ఉన్న హోటళ్లలో రివియెరా బాగా ఖరీదు. కరీబియన్ బీచ్ అందంగా ఉంటుంది కానీ చాలా విశాలం, గది దూరంగా పడితే స్టేషన్‌కి వచ్చేసరికే మోకాళ్లు పట్టేస్తాయి. డబ్బుకి తగ్గది పాప్ సెంచురీ.

ఉరుములు, మెరుపులు వస్తే ఆపేస్తారు. ఎండాకాలం అక్కడ మధ్యాహ్నం దాటితే అది మామూలే, కాబట్టి పొద్దున్నే బయలుదేరండి. మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి ఈ లైన్ లేదు, ఆ రోజుకి బస్సే.