ట్యాంకు కారుతుంటేనే ఈ ఎపాక్సీ కిట్ కొనండి, తుప్పు పట్టిందని కాదు

పాత బండి పెట్రోల్ ట్యాంకు లోపల పూసే ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) కిట్లు ఆన్‌లైన్‌లో నాలుగైదు పేర్లతో దొరుకుతున్నాయి. మేము చూసిన కిట్‌లో జిడ్డు కడిగే ద్రావణం ఒక సీసా, ఫాస్ఫారిక్ యాసిడ్ తుప్పు మందు అర లీటరు, ఎ, బి అని రెండు సీసాల ఎపాక్సీ కలిపి 250 మి.లీ. ఉన్నాయి. ఒక కిట్ యమహా ఆర్ఎక్స్ 100 ట్యాంకుకి, ఇంకొకటి కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350 ట్యాంకుకి వాడాం. రెండూ నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు బళ్లే.

ఆ వైపు అని చెప్పడానికి కారణం ఉంది. మైపాడు నుంచి ఉప్పుగాలి, చుట్టూ రొయ్యల గుంటలు. సగం పెట్రోల్‌తో షెడ్డులో నిలబెట్టిన బండి ట్యాంకులో ఖాళీ ఉన్నంత మేరా తేమగాలే. రాత్రి రేకు చల్లబడగానే ఆ తేమ నీటి చుక్కలై గోడ మీంచి అడుగుకి జారుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. నీరు అంతకు మించితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగున పొరగా నిలుస్తాయి. తుప్పు మొదలయ్యేది అక్కడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే మన జిల్లాలో మూడు నెలలు బండి కదలకపోతే చాలు.

ఇక అసలు మాట. కారని ట్యాంకుకి ఈ పూత వెయ్యకండి. లోపల ఎర్రగా తుప్పు కనబడినంత మాత్రాన పూత అక్కర్లేదు, శుభ్రం చేస్తే సరిపోతుంది. పూత సరిగా అంటుకోకపోతే రెండు మూడేళ్లకు పొరలు పొరలుగా ఊడి పెట్రోల్ ట్యాప్ జల్లెడకు అడ్డం పడుతుంది. ఆర్ఎక్స్ లాంటి టూ స్ట్రోక్ ఇంజన్‌కి పెట్రోల్ తగ్గితే గాలి, పెట్రోల్ మిశ్రమం పలచనై, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ఊడిన పూతను తియ్యాలంటే పెయింట్ రిమూవర్ రోజుల తరబడి పోసి పెట్టాలి, దాంతో పైన ఉన్న పెయింటుకీ గండం. సన్న బెజ్జాలు పడి, అడుగు అతుకు దగ్గర చెమ్మ కనబడే ట్యాంకుకి మాత్రం ఈ కిట్ నిజంగా పనికొస్తుంది. ఆర్ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. ఒరిజినల్ రేకు ట్యాంకు ఉన్నవాళ్లు డూప్లికేట్ కొనేముందు దీన్ని ప్రయత్నించడం న్యాయం.

బెజ్జం ఎంత ఉందో ముందు తేల్చుకోవాలి. మొద్దు స్క్రూడ్రైవర్ మొనతో అడుగంతా మెల్లగా పొడుస్తూ పోండి. రేకు లోపలికి లొంగితే అక్కడ లోహం మిగల్లేదని అర్థం. దానికి ఎపాక్సీ చాలదు, ముందు బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతకడం) చేయించాలి. బ్రేజింగ్‌కి ఇచ్చేటప్పుడు ట్యాంకును రెండుమూడు సార్లు సబ్బునీళ్లతో కడిగి, మంట తగిలే చోటు మాత్రం వదిలి మిగతాదంతా నీళ్లతో నింపి ఇవ్వండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన పెట్రోల్ ఆవిరి పేలుతుంది. మొన పట్టేంత బెజ్జం కూడా లేకుండా చెమ్మ మాత్రమే వస్తుంటే కిట్ ఆపుతుంది.

కిట్‌లో పెద్ద లోపం తుప్పు మందు పరిమాణం. పది లీటర్ల ట్యాంకులో అర లీటరు పోసి అటూ ఇటూ తిప్పితే పలచటి తుప్పు పోతుంది, పొక్కులు కట్టిన తుప్పు కదలదు. కరపత్రంలో '30 నిమిషాలు' అని రాశారు, గట్టి తుప్పుకి అది ఏ మూలకీ రాదు. దీనికి మందు కిరాణా కొట్లో ఉంది: నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. (పొదలకూరు నిమ్మకాయలకీ దీనికీ సంబంధం లేదు. చక్కెర, మొలాసిస్ లాంటి వాటిని బూజుతో పులియబెట్టి ఫ్యాక్టరీలో తీస్తారు.) లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాముల లెక్కన కలిపి ట్యాంకు మూతి దాకా నింపండి. సగమే నింపితే నీటి మట్టం దగ్గర గీత గీసినట్టు కొత్త తుప్పు వస్తుంది. 24 గంటలు చాలు. అంతకంటే ఎక్కువ ఉంచితే యాసిడ్ మంచి రేకును కూడా తినడం మొదలుపెడుతుంది. బాత్రూమ్ యాసిడ్ జోలికి మాత్రం వెళ్లకండి. తుప్పును గంటలో తీస్తుంది, ఆ వెంటనే రేకును తింటుంది, మూతి చుట్టూ క్రోమును చెడగొడుతుంది, కడిగిన పది నిమిషాల్లో మళ్లీ ఎర్రబడుతుంది.

నిమ్మ ఉప్పు పోసే ముందే పొక్కులు రాల్చాలి. పావు కిలో చిన్న నట్లు లెక్కపెట్టి లోపల వేసి, కొంచెం సర్ఫ్ నీళ్లు పోసి, ట్యాంకును దుప్పట్లో చుట్టి పావుగంట ఊపండి. లెక్కపెట్టడం ఎందుకంటే బుల్లెట్ ట్యాంకు మధ్యలో ఫ్రేము దూరే సొరంగం ఉంటుంది, నట్టు దానికి అవతలి పక్క చిక్కుకుంటే కనబడదు. కంకర వెయ్యడం కొందరికి అలవాటు, అది పొడి అయి అతుకుల్లో కూరుకుపోతుంది.

యాసిడ్ పారబోశాక లీటరుకి రెండు చెంచాల వంటసోడా కలిపిన నీళ్లతో కడగాలి. చివరి కడుగు మాత్రం ఇంటి బోరు నీళ్లతో వద్దు. అల్లూరు, విడవలూరు, కొత్తపట్నం లాంటి తీర మండలాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆరేలోపే గోడలు పసుపెక్కుతాయి. 20 లీటర్ల తాగునీటి క్యాను ఒకటి తెచ్చుకోండి. ఆ వెంటనే కిట్‌లోని ఫాస్ఫారిక్ మందును తిప్పండి. శుభ్రమైన రేకు మీద అది బూడిద రంగు పొర వదులుతుంది, ఎపాక్సీ పట్టుకోవడానికి ఆ పొర చాలా మంచిది. అంటే ఆ సీసా మొదట కాదు, చివర్లో వాడాలి. కరపత్రం రాసినవాళ్లకు ఈ సంగతి తట్టలేదు. మందు ఆరిపోయి తెల్లపొడి మిగలకుండా మళ్లీ క్యాను నీళ్లతో కడిగి, 300 మి.లీ. అసిటోన్ తిప్పి పారబోసి, బ్లోయర్‌తో గంటసేపు గాలి కొట్టండి. అసిటోన్ ఆవిరి అంటుకునే రకం, కాబట్టి ఆరుబయట, మంటకు దూరంగా చెయ్యండి.

పాత టూ స్ట్రోక్ యెజ్డీ, రాజ్‌దూత్ వాళ్లకు ఒక హెచ్చరిక. ఆ బళ్లలో ఆయిల్ పెట్రోల్‌లోనే కలిపి పోస్తారు. ఆ జిడ్డు పొర వల్ల ట్యాంకుకి తుప్పు తక్కువే, కానీ జిడ్డు మీద ఎపాక్సీ నిలవదు. కిట్‌లోని ద్రావణం ఒక్కసారికి చాలదు, వేడి నీళ్లలో సర్ఫ్ కలిపి మూడుసార్లు కడగండి. ఆర్ఎక్స్‌కి ఆయిల్ ట్యాంకు వేరు కాబట్టి ఈ బాధ లేదు.

ఎపాక్సీ పోయడం దగ్గర ఎండ కీలకం. కలిపాక అరగంటలో వాడాలని కిట్ మీద ఉంది, అది 25 డిగ్రీల లెక్క. ఎపాక్సీ గట్టిపడే వేగం పది డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కలిపితే పది నిమిషాల్లో కప్పులోనే పొగలు కక్కి గడ్డకడుతుంది. వానాకాలంలో చేస్తే గాలిలో తేమకి పూత పైన జిగట తెల్లపొర వస్తుంది. సంక్రాంతి తర్వాత నుంచి మార్చి లోపు, ఉదయం ఎండెక్కకముందు చేసుకోవడం మేలు.

ట్యాప్ బెజ్జానికి వ్యాసలైన్ రాసిన రబ్బరు బిరడా బిగించి, బయటి బెజ్జాల మీద టేపు అంటించి, పెయింటుకి అంటకుండా ట్యాంకు మొత్తం ప్లాస్టిక్ కవరుతో చుట్టండి. ఎ, బి రెండూ మొత్తంగా కలపాలి, కంటికొలతతో సగం సగం తీస్తే నిష్పత్తి తప్పి ఎప్పటికీ గట్టిపడదు. ఆరు వైపులకూ నిదానంగా తిప్పాక మిగిలింది ట్యాప్ బెజ్జం గుండా వంచెయ్యాలి. ఆర్ఎక్స్ ట్యాంకుకి 250 మి.లీ. ఎక్కువే. వంచకపోతే అడుగున మడుగు కట్టి ట్యాప్ దారిని పూడుస్తుంది, ఆ మాట కరపత్రంలో ఎక్కడా లేదు. బుల్లెట్ ట్యాంకుకి ఇదే కొలత సరిపోయింది, కాకపోతే సొరంగం రెండు పక్కలా పారేలా ముందుకీ వెనక్కీ ఎక్కువసార్లు తిప్పాలి.

24 గంటల్లో పెట్రోల్ పొయ్యొచ్చని రాశారు. అది నమ్మకండి. అదే ఎపాక్సీని రెండు ఇనప రేకు ముక్కలకు పూసి, ఒకటి మర్నాడు, ఒకటి ఏడు రోజుల తర్వాత బంకు పెట్రోల్ ఉన్న గాజు సీసాల్లో నెల రోజులు ఉంచాం. మొదటిది మెత్తబడి గోటికి లేచింది, రెండోది స్క్రూడ్రైవర్ మొనకి కూడా లేవలేదు. కాబట్టి వారం ఆగండి. ఆ వారంలో ట్యాప్ రబ్బర్లు, పెట్రోల్ పైపు, కార్బురేటర్ ఫ్లోట్ నీడిల్ మార్చుకోండి, ఇథనాల్‌కి పాత రబ్బరు ఉబ్బుతుంది.

కొనేటప్పుడు సీసాల మీద తయారీ తేదీ చూడండి. వచ్చిన రోజే ఎ సీసా తెరిచి పుల్లతో అడుగు కలపండి. పాత సరుకైతే అడుగున గడ్డ తగులుతుంది, అప్పుడు ఎంత కలిపినా నిష్పత్తి కుదరదు. వాపసు గడువు దాటకముందే పంపించెయ్యండి.