మార్కులు తీసేశాం, కప్పులు ఉంచాం: ఇంటి కాఫీల కప్పింగ్‌పై సమీక్ష

ఇంట్లో కాఫీ గింజలు వేయించుకునే పిచ్చి ఉన్నవాళ్లం హైదరాబాద్‌లో కొందరం నెలకో ఆదివారం పొద్దున్నే ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. ఎవరు వేయించింది వాళ్లు తెస్తారు. పేర్లు దాచిపెట్టి అందరం రుచి చూస్తాం. దానికి కాఫీ వ్యాపారంలో వాడే కప్పింగ్ పద్ధతినే కొన్నేళ్లుగా వాడుతున్నాం. ఈ సమీక్ష ఆ పద్ధతి మీదే. వేయింపులో దోషం పట్టుకోవడానికి దీన్ని మించింది నాకు కనపడలేదు. ఎవరి కాఫీ బాగుందో తేల్చడానికి మాత్రం దీన్ని ఉన్నదున్నట్టు వాడితే పప్పులో కాలేసినట్టే.

తెలియనివాళ్ల కోసం పద్ధతి చెప్తాను. కప్పుకు 8.25 గ్రాముల కాఫీ, 150 మిల్లీలీటర్ల నీళ్లు. గింజల్ని కాస్త బరకగా పట్టి ముందు పొడి వాసన చూస్తాం. తర్వాత 93 డిగ్రీల వేడి నీళ్లు నేరుగా పొడి మీదే పోస్తాం. ఫిల్టర్ లేదు, పాలు లేవు, పంచదార లేదు. నాలుగు నిమిషాలకు పైన మందంగా తెట్టు కడుతుంది. ముక్కు కప్పు అంచుకు తగిలేంత కిందికి వంగి, చెంచాతో ఆ తెట్టును మూడుసార్లు తోస్తే లోపల పట్టి ఉన్న ఆవిరంతా ఒక్కసారి మొహానికి కొడుతుంది. వేయింపు గురించి ఆ ఒక్క క్షణంలో తెలిసినంత తాగినప్పుడు కూడా తెలియదు. తొందరపడి దించేస్తే తడిగడ్డి వాసన, పచ్చి వేరుశనగ వాసన. మాడితే ముందు పొగ, వెనకాలే బూడిద. ఆ తర్వాత నురగ తీసేసి, కాస్త చల్లారాక చెంచాతో తీసుకుని గట్టిగా జుర్రుకోవాలి. చప్పుడు రావాలి. మొహమాటపడి మెల్లగా తాగితే వాసన ముక్కుకు ఎక్కదు, సగం రుచి పోతుంది.

సామానుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఒకే సైజు పింగాణీ కప్పులు, 0.1 గ్రాము దాకా చూపే కాటా, గుండ్రటి సూప్ చెంచాలు చాలు. స్టీలు గ్లాసులు తొందరగా చల్లారిపోతాయి. గ్రైండర్ మాత్రం మంచిది ఉండాల్సిందే. మిక్సీలో పడితే సగం పిండి, సగం నూక వస్తుంది, అందులో ఏ తేడా ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఒకరి గింజలు పట్టాక ఇంకొకరివి వేసేముందు కొత్త గింజలే నాలుగు వేసి తిప్పి పారబోయాలి.

నీళ్లు ఇంతకన్నా ముఖ్యం. కప్పింగ్ నీళ్లలో కరిగిన లవణాలు 125 నుంచి 175 పీపీఎం (అంటే లీటరుకు అన్ని మిల్లీగ్రాములు) మధ్య ఉంటే మంచిదని, కాఫీకి ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ తన కప్పింగ్ నియమాల్లో చెప్పింది. మా ఇళ్లలో ఆర్వో నీళ్లు అందులో సగం కూడా చూపించవు. వాటితో చేస్తే అన్ని కాఫీలూ ఒకేలా పల్చగా, పుల్లగా తగులుతాయి. బోరు నీళ్లతో పులుపంతా చచ్చిపోతుంది. మేం ఆర్వో నీళ్లలో కొంచెం మంజీరా కుళాయి నీళ్లు కలిపి, లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు 150 దగ్గర నిలిచేలా చూసుకుంటాం.

అసలు చిక్కంతా మార్కుల పట్టీ దగ్గరే. ఆ అసోసియేషన్ పాత పట్టీలో వంద మార్కులు, పది అంశాలు, 80 గానీ ఆపైన గానీ వస్తే స్పెషాల్టీ, అంటే మేలు రకం. ఈ పట్టీని తయారు చేసింది పచ్చి గింజ నాణ్యత తేల్చడానికి. అందుకే అక్కడ వేయింపు అన్నిటికీ ఒకటే, 8 నుంచి 12 నిమిషాల్లో లేత రంగులో దించాలి. మారేది గింజ. మా బల్ల మీద ఇది తలకిందులు. మేం చూడాల్సింది వేయించిన చెయ్యి. ఎవరో ఖరీదైన ఇథియోపియా గింజ తెచ్చి ఎలా వేయించినా, పక్కన అరకు గింజను శ్రద్ధగా వేయించినవాళ్ల కన్నా ఎక్కువ మార్కులు పట్టుకుపోతారు. అది డబ్బుకు పడిన మార్కు. అందుకని ఇప్పుడు అందరం ఒకే బస్తా నుంచి తీసుకుంటాం, ఎక్కువగా అరకు వాష్డ్ అరబికా (పండు గుజ్జు కడిగేసి ఆరబెట్టిన అరబికా రకం), అప్పుడప్పుడు చిక్కమగళూరుది. వేయించే రోజు కూడా ఒకటే. శనివారం వేయించిన కాఫీని, పది రోజుల కిందటి కాఫీని పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం అన్యాయం.

లెక్క కూడా చూడండి. పది అంశాల్లో మూడింటికి, అంటే అన్ని కప్పులూ ఒకేలా ఉండటానికి, దోషం లేకపోవడానికి, తీపికి, కప్పుకు రెండేసి చొప్పున ఐదు కప్పులకు మొత్తం 30 మార్కులు. తప్పు దొరక్కపోతే అవి వచ్చేస్తాయి. మిగతా ఏడింటికీ స్కేలు ఆరు నుంచే మొదలు. ఏడు ఆర్లు 42. అంటే కాఫీలో కంపు లేకపోతే చాలు, 72 చేతిలో ఉన్నట్టే. మిగిలిన కాస్త జాగాలో మాలాంటి ఔత్సాహికులు 82.25 అనీ 83.5 అనీ కొట్టుకోవడం నవ్వులాట. అదే కాఫీని వేర్వేరు నంబర్లతో రెండుసార్లు పెడితే ఒకే మనిషి వేసిన మార్కుల్లో అంతకన్నా పెద్ద తేడా వస్తుంది. 2023లో స్పెషాల్టీ కాఫీ అసోసియేషనే తెచ్చిన కొత్త విధానంలో కాఫీ ఎలా ఉందో రాయడం వేరు, అది మనకు ఎంత నచ్చిందో చెప్పడం వేరు అని రెండు పట్టీలు చేశారు. మాకు అది నచ్చింది. మొదటిది ఉంచుకున్నాం. రెండోదాని బదులు నచ్చిన వరసలో పేర్చమంటాం, అంతే.

రాసేదాకా ఎవరూ నోరు తెరవకూడదన్నది మా దగ్గర కచ్చితమైన రూలు. ఎవరో ఒకరు 'నేరేడుపండు' అన్నారా, బల్ల చుట్టూ అందరికీ నేరేడుపండే తగులుతుంది. గట్టిగా మాట్లాడేవాళ్ల నాలుకే అందరి నాలుక అయిపోతుంది. ఆ పొద్దున సెంటు, అగరొత్తులు, ఆవకాయ బంద్. ఒకాయన వచ్చేముందు జర్దా కిళ్లీ వేసుకొచ్చేవాడు, ఆయన్ని మార్చడానికి చాలా టైం పట్టింది.

ఈ పద్ధతి దేనికి పనికొస్తుందో ఇప్పుడు చెప్పాలి. హాట్ ఎయిర్ పాప్‌కార్న్ మెషిన్‌లో వేయించేవాళ్ల కాఫీ ఎప్పుడూ పైకి చక్కటి రంగులో ఉంటుంది. మెషిన్ తొందరగా వేడెక్కుతుంది కాబట్టి పైన ఎరుపెక్కినా లోపల వేగదు. పొడి పట్టి చూస్తే గింజ పైరంగు కన్నా పొడి రంగు బాగా తేలిపోయి ఉంటుంది. కప్పులో పదునైన పులుపు, చివర్లో గడ్డి. దీనికి విరుగుడు తక్కువ వేడి. మూకుట్లో వేయించేవాళ్లది ఇంకో రోగం. గింజలు ఎక్కువ పోసి మంట తగ్గిస్తే గింజలు చిటపటమని మొదటిసారి పగలడానికే ఇరవై నిమిషాలు దాటుతుంది. అలాంటి కాఫీ మాడదు, పచ్చిగానూ ఉండదు, కానీ తీపి ఉండదు, బిస్కెట్ నమిలినట్టు చప్పగా ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడు ఇది దొరకదు, గోరువెచ్చగా అయ్యాక దొరికిపోతుంది. కాబట్టి కప్పులు చల్లారేదాకా కూర్చోండి. వేడిలో మొదటి స్థానంలో ఉన్న కాఫీ అరగంటకు చివరికి జారిపోవడం మామూలే. వేయించాక కూడా తెల్లగా మిగిలిపోయిన గింజలు, అంటే పండకుండానే కోసిన కాయలవి, ఏరేస్తే వాటివల్ల వచ్చే కాగితం లాంటి రుచి చాలావరకు పోతుంది. ఏరినవీ ఏరనివీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరైనా చెప్పగలరు.

నిజంగా తేడా ఉందా, ఊహా అని అనుమానం వస్తే మూడు కప్పుల పరీక్ష పెడతాం. రెండింట్లో ఒకే కాఫీ, ఒకదాంట్లో వేరేది. వేరేదేదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడోవంతు సార్లు తగులుతుంది కాబట్టి ఒక్కసారితో లెక్క కాదు, కప్పులు మార్చి మళ్లీ మళ్లీ పెట్టాలి. 'ఇరవై సెకన్లు ముందు దించితే ఆకాశం భూమి తేడా' అనే వాదనలు చాలావరకు ఇక్కడే ఆగిపోయాయి. మా గుంపులో ఇంతకన్నా ఉపయోగపడిన పని లేదు.

కప్పింగ్ చెప్పలేనిది ఒకటుంది: పాలు. మా గుంపులో రిటైరైన ఒక మాస్టారు ఇనప మూకుట్లో కాస్త నల్లగా వేయిస్తారు. కప్పింగ్‌లో ఆయనది ఎప్పుడూ కింది వరసే. "పాలు పొయ్యకుండా దీన్ని ఎవడు తాగుతాడయ్యా?" అనేవారు. ఒకసారి అన్ని కాఫీలకూ ఒకే కొలతతో డికాషన్ తీసి, అవే పాలు పోసి ఇచ్చాం. లేతగా వేయించినవి పాలల్లో మునిగిపోయాయి, కొన్నైతే పాలు విరిగినట్టు పుల్లగా తగిలాయి. మాస్టారుది నిలబడింది. అప్పటి నుంచి రెండు జాబితాలు రాస్తున్నాం, ఒకటి నల్లకాఫీకి, ఒకటి పాలకాఫీకి. రెండింటా పైన ఉన్న కాఫీ అరుదుగా వస్తుంది.

గుంపు లేకపోయినా ఇంట్లో చేసుకోవచ్చు. కప్పుల అడుగున టేపు మీద నంబర్లు రాసి, మీరు గది బయట ఉండగా ఇంట్లోవాళ్లను స్థానాలు మార్చమనండి. రెండు కాఫీలతో మొదలుపెట్టండి, ఆరు కప్పుల దాకా పోకండి. మింగకుండా ఉమ్మడానికి ఒక పాత చెంబు పక్కన పెట్టుకోండి, లేకపోతే ఆ రాత్రి నిద్ర ఉండదు.